మాస్క్ కోసం రోజూ గీయాల్సిన రింగుల గడ్డం

గల్ఫ్ రిఫైనరీల్లో షట్‌డౌన్ పనికి (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు) వెళ్లేవాళ్లకు గడ్డం పెంచడం, తీయడం సొంత ఇష్టం కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉండే చోట మాస్క్ రబ్బరు అంచు కింద వెంట్రుక ఉంటే గ్యాస్ లోపలికి వస్తుంది. అందుకే ఫిట్ టెస్టుకు (మాస్క్ ముఖానికి సందు లేకుండా అతుకుతోందో లేదో చూసే పరీక్షకు) నున్నగా గీసుకుని రమ్మంటారు. ఈ నియమంతో ఎక్కువ బాధపడేది మన పక్క గదుల్లో ఉండే నైజీరియా, ఘనా, కెన్యా, ఉగాండా కార్మికులు. వాళ్ల గడ్డం వెంట్రుక కుదురు దగ్గరే వంపు తిరిగి ఉంటుంది. చర్మం మట్టం కన్నా లోపలికి తెగిందంటే, పెరిగేటప్పుడు దాని పదునైన మొన పక్క చర్మంలో గుచ్చుకుంటుంది. ఒంట్లో ముల్లు దిగినప్పటిలాగే అక్కడ వాపు, పొక్కు, చివరికి నల్లమచ్చ. డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. రింగుల గడ్డం ఉన్న మనవాళ్లకూ మెడ కింద ఇదే వస్తుంది. మురికి వల్ల వచ్చే జబ్బు కాదిది, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

మూడు, ఐదు బ్లేడ్ల రేజర్లు వెంట్రుకను పైకి లాగి మరీ కోస్తాయి. తెగిన మొన చర్మం కిందికి జారిపోతుంది. ఈ చర్మానికి అదే పెద్ద చేటు. ఎలక్ట్రిక్ షేవర్‌లో పలుచని జాలీ రేకు (ఫాయిల్) బ్లేడుకూ చర్మానికీ అడ్డంగా ఉంటుంది కాబట్టి కోత అంత లోతుకు పోదు.

మూడు నాలుగు రోజుల గడ్డం మీద నేరుగా ఫాయిల్ పెట్టొద్దు. పొడుగు వెంట్రుక జాలీ రంధ్రాల్లో దూరదు. ఒకేచోట పదిసార్లు రుద్దాల్సి వస్తుంది, మంట మొదలవుతుంది. ముందు దువ్వెన తొడుగు లేని ట్రిమ్మర్‌తో కురచ చేయాలి. తర్వాత గోరువెచ్చని తడిబట్ట ఐదు నిమిషాలు అద్ది, దానితోనే మెల్లగా గుండ్రంగా తుడిస్తే చర్మంలో చిక్కిన మొనలు కొన్ని పైకి లేస్తాయి. పొడిగా వాడే షేవరైతే ముఖం పూర్తిగా ఆరాలి, చెమట ఉంటే రేకు పట్టేస్తుంది.

షేవర్‌తో వచ్చే పుస్తకంలో చర్మాన్ని సాగదీసి పట్టుకోమని ఉంటుంది. ఈ చర్మానికి ఆ మాట వద్దు. సాగదీసి గీస్తే వదలగానే మొన లోపలికి పోతుంది. నొక్కకుండా, తేలిగ్గా, ఒక చోట రెండుసార్లకు మించకుండా గీయాలి. చేతికి ఇంకా కాస్త గరుకు తగులుతున్నా అక్కడితో ఆపేయాలి. తర్వాత చన్నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. లోపల చిక్కిన వెంట్రుక కనిపిస్తే శుభ్రమైన సూదితో మొనను పైకి లేపండి, పీకొద్దు. పీకితే కొత్త వెంట్రుక మళ్లీ లోపలే వంగుతుంది. మచ్చలు పోవాలని బెటామెథజోన్, క్లోబెటసాల్ ఉన్న క్రీములు సొంతంగా పూయడం మన దగ్గర కూడా ఉన్న చెడ్డ అలవాటు, చర్మం పలచబడుతుంది.

షేవర్ సంరక్షణకు రోజూ రెండు నిమిషాలు సరిపోతాయి. షేవర్ తల విప్పి దులపాలి. బ్రష్ లోపలి కట్టర్‌కే. ఫాయిల్‌ను బ్రష్‌తో రుద్దితే సొట్ట పడుతుంది, చిరిగితే ముఖం కోస్తుంది. పొక్కులున్నప్పుడు మోటారు ఆపి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి ఆరనివ్వాలి. వారానికోసారి ఒక చుక్క క్లిప్పర్ ఆయిల్. కొబ్బరినూనె వాడొద్దు, ఏసీ గదిలో గడ్డకట్టి వెంట్రుకల పొడితో జిగురవుతుంది. షేవర్ తల వేడెక్కుతున్నా, వెంట్రుక లాగుతున్నా ముందు శుభ్రం చేసి నూనె వేయండి. అప్పటికీ తగ్గకపోతే కట్టర్, ఫాయిల్ కలిపి మార్చాలి. రోజూ వాడితే ఏడాది, ఏడాదిన్నరకు మార్పు తప్పదు.

గదిలో ఆరుగురున్నా షేవర్ ఎవరిది వాళ్లదే. కంటికి కనపడని రక్తపు చుక్క చాలు, హెపటైటిస్ బి అంటుకోవడానికి.

అమెరికా నుంచి తెప్పించుకున్న వైర్ క్లిప్పర్‌తో జాగ్రత్త. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది. దుబాయ్‌లో 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ తగ్గిస్తుంది గానీ అక్కడి 50 హెర్ట్జ్‌ను మార్చదు, వైబ్రేటర్ మోటారు సరిగా కొట్టదు. అడాప్టర్ మీద 100-240 అని రాసి ఉన్న ఛార్జింగ్ రకమే కొనండి.

ఇవన్నీ పాటించినా పొక్కులు తగ్గకపోతే నాలుగు వారాలు గీయడం ఆపాలి. క్లినిక్ డాక్టర్ చీటీతో సేఫ్టీ వాళ్లను వదులు హుడ్ ఉండే పీఏపీఆర్ (ఫ్యాన్‌తో వడకట్టిన గాలిని ముసుగులోకి పంపే పరికరం) అడగొచ్చు. ప్రాణాపాయం ఉన్న గ్యాస్ చోట దాన్ని ఒప్పుకోరు, కాబట్టి ఆ వారాలకు వేరే డ్యూటీ కూడా చీటీలోనే రాయించుకోవాలి.