మందుల బండి నుంచి స్టెతస్కోపు దాకా: ఎల్వీఎన్ ఆర్ఎన్‌గా మారిన కథ

కాలిఫోర్నియాలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఆరేళ్లు ఎల్వీఎన్‌గా, అంటే లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సుగా పనిచేశాను. ఆ ఉద్యోగం పూర్తిగా వదలకుండానే కమ్యూనిటీ కాలేజీలో, అంటే తక్కువ ఫీజుతో నడిచే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో చదివి 2024లో రిజిస్టర్డ్ నర్సును, అంటే ఆర్ఎన్‌ను అయ్యాను. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఈ చదువు గురించి ఆలోచిస్తున్న ఆడవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఎన్నేళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అనే రెండు ప్రశ్నలే. వాటికి జవాబులు చెబుతాను. అయితే ఈ చదువులో నన్ను నిజంగా కష్టపెట్టినది వేరే ఉంది, దాని గురించి నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మన ఆంధ్రలో, తెలంగాణలో రెండేళ్ల ఏఎన్ఎమ్ కోర్సుకు, మూడేళ్ల జీఎన్ఎమ్ కోర్సుకు ఉన్న తేడా తెలిసినవారికి ఈ రెండు లైసెన్సుల మధ్య తేడా కూడా కొంతవరకు అర్థమవుతుంది. కాలిఫోర్నియాలో ఎల్వీఎన్ లైసెన్సును ఒక బోర్డు, ఆర్ఎన్ లైసెన్సును మరో బోర్డు ఇస్తాయి. ఎల్వీఎన్ మందులు ఇవ్వవచ్చు, గాయాలకు కట్లు కట్టవచ్చు, ఇన్సులిన్ వేయవచ్చు, ప్రత్యేక శిక్షణ తీసుకుంటే సెలైన్ కూడా పెట్టవచ్చు. కానీ నరంలోకి మందు ఇవ్వడానికి వీల్లేదు. కొత్తగా చేరిన రోగిని మొదటిసారి పూర్తిగా పరీక్షించి, అతని స్థితి ఇదీ అని తేల్చి, ఏ సంరక్షణ అవసరమో నిర్ణయించే బాధ్యత ఆర్ఎన్‌ది. ఎల్వీఎన్ వివరాలు సేకరించి అందిస్తుంది. కాగితం మీద ఇది చిన్న తేడాలాగే కనిపిస్తుంది, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ముందుగా కాలం సంగతి. నర్సింగ్ కోర్సు కంటే దానికి ముందు పూర్తి చేయవలసిన సబ్జెక్టులే నా కాలాన్ని ఎక్కువగా తినేశాయి. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, ఇంగ్లీషు, సైకాలజీ, కమ్యూనికేషన్ వంటివి ముందే పూర్తి కావాలి. ఒంగోలులో బైపీసీ చదివిన నాకు ఎముకల పేర్లు కొత్త కావు, కానీ ఆ చదువు ఇక్కడ లెక్కలోకి రాలేదు. రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి వెళ్లి పిల్లల్ని బడికి పంపి, తొమ్మిదింటికి ప్రయోగశాలలో కూర్చునేదాన్ని. మైక్రోబయాలజీలో గ్రామ్ స్టెయిన్, అంటే బ్యాక్టీరియాకు రంగు వేసి రకాన్ని గుర్తించే పరీక్ష, చేసిన మొదటి రోజు బాగా గుర్తుంది. గాజుపలక మీద బ్యాక్టీరియాను పరిచి, ఊదారంగు, ఆపైన అయొడిన్ వేసి, ఆల్కహాల్‌తో కడిగి, చివర సాఫ్రనిన్ వేయాలి. నిద్రమత్తులో నేను ఆల్కహాల్‌ను కొన్ని సెకన్లు ఎక్కువసేపు ఉంచాను. ఊదారంగులో కనిపించవలసిన స్టెఫిలోకాకస్ గుత్తులు మైక్రోస్కోపులో లేత గులాబీ రంగులో కనిపించాయి. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుని మళ్లీ చేసి, మళ్లీ చూసి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఇలా ఒక్కో సెమిస్టరుకు ఒకటి రెండు సబ్జెక్టుల చొప్పున పూర్తి చేయడానికి నాకు రెండున్నరేళ్లు పట్టింది. ఆ రెండున్నరేళ్లూ పిల్లలకు వేళకు అన్నం పెట్టినది మా అత్తయ్యగారు. ఆవిడ లేకపోతే ఈ లైసెన్సు నాకు వచ్చేది కాదు.

ఖర్చు విషయంలో మాత్రం కమ్యూనిటీ కాలేజీకి మించినది లేదు. కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు, అంటే ఒక్కో క్రెడిట్‌కు, 46 డాలర్లు, అంటే నాలుగు యూనిట్ల ఫిజియాలజీకి 184 డాలర్లే. పుస్తకాలు, యూనిఫాం, వేలిముద్రలు, పరీక్ష ఫీజులు వేరుగా ఉంటాయి. ఆదాయం తక్కువ ఉన్నవారికి ఆ యూనిట్ ఫీజు కూడా మాఫీ అవుతుంది. రెండేళ్ల కాలేజీల్లో రిజిస్టర్డ్ నర్సులను తయారుచేయవచ్చని మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ అధ్యాపకురాలు ప్రతిపాదించగా, 1952లో అమెరికాలో అది ప్రయోగంగా మొదలైంది. అప్పటిదాకా నర్సుల శిక్షణ ఎక్కువగా ఆస్పత్రుల సొంత స్కూళ్లలోనే జరిగేది. డెబ్బై ఏళ్ల తర్వాత నాలాంటి ఇద్దరు పిల్లల తల్లి పనిచేసుకుంటూ చదవగలిగిందంటే ఆవిడ ఆలోచనే కారణమని నేను నమ్ముతాను.

సీటు దొరకడం మరో పరీక్ష. టీస్ అనే ప్రవేశ పరీక్షలో 62 శాతం దాటాలి. ఆ తర్వాత కొన్ని కాలేజీలు మార్కులు, అనుభవం వంటివి లెక్కగట్టి ఎంపిక చేస్తాయి, కొన్ని లాటరీ తీస్తాయి. ఎల్వీఎన్‌లు సాధారణంగా మొదటి సెమిస్టరు నుంచి కాకుండా, ఒక వారధి కోర్సు పూర్తి చేసి నడుమ నుంచి చేరతారు. చాలా చోట్ల అలా చేరడానికి ఖాళీ ఉంటేనే వీలవుతుంది. అంటే ముందు చేరినవాళ్లలో ఎవరో ఒకరు పరీక్ష తప్పాలి లేదా మానుకోవాలి. నాకు సీటు వచ్చిందని ఆగస్టులో ఉత్తరం వచ్చినప్పుడు మా ఇంట్లో పాయసం చేసుకున్నాం. మొదటి రోజు తరగతిలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాక, అది మందుల లెక్కల పరీక్ష తప్పి వెళ్లిపోయిన అమ్మాయిదని పక్కన కూర్చున్నవాళ్లు చెప్పారు. ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు, కానీ ఆ ఏడాది చదవాలనిపించని రాత్రుల్లో ఆమె గుర్తుకు వచ్చేది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. కాలిఫోర్నియాలో ఎల్వీఎన్‌లకు ముప్పై యూనిట్ల దారి అని ఒకటి ఉంది. డిగ్రీ లేకుండా, గరిష్ఠంగా ముప్పై సెమిస్టరు యూనిట్ల నర్సింగ్, సైన్సు సబ్జెక్టులు చదివి నేరుగా ఆర్ఎన్ పరీక్షకు కూర్చోవచ్చు. త్వరగా అయిపోతుంది కాబట్టి మనసు అటు లాగుతుంది. కానీ డిగ్రీ లేని ఆ లైసెన్సును చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు, బీఎస్సీ నర్సింగ్‌కు వెళ్లాలన్నా చిక్కే. భర్త ఉద్యోగం ఎటు మారితే అటు సామాను సర్దుకునే మన కుటుంబాలకు ఆ దారి మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. ఒక ఏడాది ఎక్కువ పట్టినా డిగ్రీతోనే పూర్తి చేయండి.

ఇప్పుడు ఎవరూ అడగని ఆ కష్టం గురించి చెబుతాను. నర్సింగ్ హోమ్‌లో ఒక షిఫ్టులో ఇరవై ఎనిమిది మందికి మందులు ఇచ్చిన చేతులు నావి. ఆస్పత్రి శిక్షణలో రెండో వారం, గుండె బలహీనపడి చేరిన ఒక పెద్దాయనను నాకు అప్పగించారు. ఉదయం డిజాక్సిన్ మాత్ర ఇవ్వాలి. నియమం నాకు కంఠతా వచ్చు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి నిమిషం పాటు గుండె చప్పుడు లెక్కపెట్టాలి, అరవై కంటే తక్కువుంటే మాత్ర ఆపాలి. లెక్కపెట్టాను, అరవై నాలుగు వచ్చింది. మాత్ర పొట్లం చించబోతుండగా వెనక నిలబడి ఉన్న మా అధ్యాపకురాలు మెల్లగా అడిగారు: "ఇవాళ ఈయన పొటాషియం ఎంత?"

నేను చూడలేదు. ఐదు గంటలకు తీసిన రక్తపరీక్ష ఫలితం కంప్యూటరులోనే ఉంది. 3.0 అని ఉంది, కనీసం 3.5 ఉండాలి. రెండు రోజులుగా ఒంట్లో నీరు తీయడానికి ఇస్తున్న ఫ్యూరోసెమైడ్‌తో పాటు పొటాషియం కూడా పోతోంది, పొటాషియం తగ్గినప్పుడు డిజాక్సిన్ గుండెకు విషంలా పనిచేస్తుంది. ఈ రెండు విషయాలూ నేను పరీక్షల్లో విడివిడిగా రాసి మార్కులు తెచ్చుకున్నవే. మంచం పక్కన ట్రేలో ఓట్స్ జావ చెంచా పెట్టకుండా అలాగే గడ్డకట్టి ఉంది. నేను లోపలికి వచ్చినప్పుడే పెద్దాయన, రెండు రోజులుగా తిండి సయించడం లేదని, కడుపులో తిప్పుతోందని చెప్పాడు. "తర్వాత తిందురుగాని" అని ట్రేను పక్కకు జరిపినది నేనే. డిజాక్సిన్ ఒంట్లో ఎక్కువైనప్పుడు మొదట కనిపించే లక్షణాల్లో ఆకలి పోవడం ఒకటి.

మాత్ర ఆపి, డాక్టరుకు ఫోన్ చేశాం. రక్తంలో డిజాక్సిన్ ఎక్కువగా ఉందని మధ్యాహ్నానికి తేలింది. పొటాషియంను పంపు ద్వారా, నెమ్మదిగా, గంటల తరబడి ఎక్కించారు. పెద్దాయనకు ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ రోజు కంటి మీద కునుకు లేదు. ఆరేళ్లు నేను నియమం తప్పకుండా పనిచేశాను, తేడా కనిపిస్తే ఆర్ఎన్‌కు చెప్పాను, చెప్పాక నా పని అయిపోయిందనుకున్నాను. ఆ అలవాటు నన్ను మంచి ఎల్వీఎన్‌ను చేసింది, కానీ అదే అలవాటు జావ గిన్నెను, రక్తపరీక్షను, మాత్రను కలిపి చూడనివ్వలేదు. అంతా వచ్చుననుకునే చేతిని ఆపి, ముందు ఆలోచించడం నేర్చుకోవడానికి నాకు ఏడాదంతా పట్టింది. ఏమీ తెలియకుండా వచ్చిన ఇరవై ఏళ్ల తోటి విద్యార్థులకు ఆ బాధ లేదు.

2023 ఏప్రిల్ నుంచి ఆర్ఎన్ లైసెన్సు కోసం రాయవలసిన ఎన్‌క్లెక్స్ పరీక్ష కూడా ఈ పద్ధతికే వచ్చింది. ఒక రోగి కథ ఇచ్చి, దాని మీద వరుసగా ఆరు ప్రశ్నలు అడుగుతారు: ఏం గమనించావు, దాని అర్థం ఏమిటి, ముందు ఏం చేస్తావు, చేశాక ఏం మారింది. మొత్తం మీద కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, ఐదు గంటల సమయం ఉంటాయి. ఫలితం తేల్చడానికి సరిపడా జవాబులు రాగానే కంప్యూటరు పరీక్షను ఆపేస్తుంది, నాకు 85 దగ్గరే ఆగిపోయింది. కొన్ని రోజుల తర్వాత మావారు బ్రీజ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నా పేరు వెతికితే, పాత ఎల్వీఎన్ లైసెన్సు కింద ఆర్ఎన్ అనే కొత్త వరుస కనిపించింది. ఆయన గట్టిగా చదివి వినిపించారు, నేను మళ్లీ చదవమన్నాను.

ఇప్పుడు ఒక ఆస్పత్రిలో, గుండె లయను తెర మీద నిరంతరం గమనించే టెలిమెట్రీ వార్డులో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం అక్కడ ఒక నర్సుకు నలుగురు రోగులను మించి ఇవ్వకూడదు. ఇరవై ఎనిమిది మందికి మందులు పంచి కూడా వేళకు ఇంటికి వెళ్లిన నాకు, ఈ నలుగురితో తెల్లవారేదాకా తీరిక దొరకదు. ఐదు గంటలకు రక్తపరీక్షల ఫలితాలు వస్తాయి. అవి చదివి, ఎవరు ఎంత తిన్నారో, ఎవరు ఎందుకు తినలేదో అడిగి, ఆ తర్వాతే మందుల పెట్టె తెరుస్తాను.