ఎండీఎస్ కోసం చదివేవారు ముందు బ్రాంచ్ తేల్చుకోవాలి

దంతవైద్యంలో డిగ్రీ అయిన బీడీఎస్ పూర్తిచేసి ఇంటర్న్‌షిప్‌లో అడుగుపెట్టి, పీజీ కోర్సు ఎండీఎస్‌పై కన్నేసిన జూనియర్లు నన్ను మొట్టమొదట అడిగేది రోజుకు ఎన్ని గంటలు చదవాలని. ఏ బ్రాంచ్ కావాలనుకుంటున్నారని నేను అడిగితే, ర్యాంకు వచ్చాక చూసుకుందామంటారు. ఈ వరుస తలకిందులుగా ఉందని నా గట్టి అభిప్రాయం.

ఎండీఎస్‌లో ఉన్న 9 బ్రాంచ్‌లలో ఏది తీసుకున్నా 3 సంవత్సరాలు చదవాలి, ఆపైన బతికినంతకాలం ఆ పనే చేయాలి. ఆర్థో (పళ్ల వరుస సరిచేయడం), ఎండో (రూట్ కెనాల్ చికిత్స), సర్జరీ సీట్లు ముందుగా నిండిపోతాయి కాబట్టి అవే గొప్పవన్న భావన పాతుకుపోయింది. కానీ ఒకే దవడపన్ను మీద గంటసేపు వంగి, పంటి వేరులోని వెంట్రుకంత కాలువలో ఫైలు అనే సన్నటి పరికరం తిప్పుతూ, వర్కింగ్ లెంగ్త్‌లో, అంటే ఫైలు వెళ్లాల్సిన లోతులో, మిల్లీమీటరు తేడా రాకుండా చూసుకునే ఓపిక ఉన్నవారికే ఎండో నప్పుతుంది. ఏడ్చే పిల్లవాడిని బుజ్జగించి నోరు తెరిపించడంలో తృప్తి పొందేవారికి పిల్లల దంతవైద్యమైన పీడో నప్పుతుంది. మనం ఏ కోవకు చెందుతామో ఇంటర్న్‌షిప్‌లో ఒక్కో విభాగంలో పనిచేసే పోస్టింగుల్లోనే తెలుస్తుంది కనుక, హాజరు వేయించుకుని లైబ్రరీకి వెళ్లిపోవడాన్ని నేను ఎంతమాత్రం సమర్థించను.

పైగా పోస్టింగులు చదువుకు అడ్డు కావు. ప్రవేశపరీక్ష నీట్ ఎండీఎస్‌లోని 240 ప్రశ్నల్లో 100 ప్రశ్నలు అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, డెంటల్ మెటీరియల్స్ వంటి మొదటి రెండేళ్ల సబ్జెక్టుల నుంచే వస్తాయి. కింది దవడకు నర్వ్ బ్లాక్, అంటే నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్, ఇచ్చేటప్పుడు సూది ఎముకను తాకకుండానే వెనక్కి వెళ్లిపోతే, మందు చెవి దగ్గరుండే పరోటిడ్ లాలాజల గ్రంథిలోకి చేరి, ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నర్వ్ మొద్దుబారుతుంది, పేషెంటు ఆ వైపు కన్ను కాసేపు మూయలేడు. దవడను కదిలించే మీడియల్ టెరిగాయిడ్ కండరానికి గాయమైతే నోరు సరిగా తెరుచుకోదు. మొదటి సంవత్సరంలో బట్టీపట్టి మరిచిపోయిన అనాటమీ అంతా ఆ ఒక్క సూదిమొన చుట్టూ ఉంది. మధ్యాహ్నం బ్లాక్ ఇచ్చిన ఇంటర్న్ రాత్రికి ఆ పాఠం తిరగేస్తే, పరీక్షలో అది ఎలా తిప్పి అడిగినా జవాబు రాయగలడు.

సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు 1 మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో రెండింటిని నమ్మకంగా కొట్టివేయగలిగితే మిగిలిన రెండింటిలో ఒకటి ఎంచుకోవడం సగటున లాభమే కనుక, అలాంటి ప్రశ్నలను వదిలేయకూడదు. మోడల్ పరీక్షలు రాసేటప్పుడే ఈ అలవాటు చేసుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ సీట్లు కోరుకునేవారు ఐఎన్ఐ సెట్ అనే ప్రవేశపరీక్ష వేరుగా రాయాలన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కౌన్సెలింగ్‌ను ఆలిండియా కోటాకు ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ), రాష్ట్ర సీట్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తాయి. వస్తుందో రాదోనన్న అంచనాతో కాకుండా, నిజంగా కోరుకునే వరుసలోనే వెబ్ ఆప్షన్లు పెట్టాలి. పై ఆప్షన్ దక్కనంత మాత్రాన కింది ఆప్షన్‌కు మన ర్యాంకు విలువ తగ్గదు. ఆప్షన్లు లాక్ చేసే ముందు ఆయా కాలేజీల్లో చదువుతున్న పీజీలతో తప్పక మాట్లాడాలి. రోజుకు ఓపీ ఎంత ఉంటుంది, కేసులు పీజీల చేతికే ఇస్తారా, స్టైపెండ్ నెలనెలా అందుతుందా అన్నవి మొహమాటపడకుండా అడగాలి.