‘కారియర్‌వి అంతే’ అన్నారు, హెపటైటిస్ డి గురించి చెప్పలేదు

2009లో గల్ఫ్ వీసా కోసం హైదరాబాద్‌లో మెడికల్‌కు పోతే ‘అన్‌ఫిట్’ అని రాసిచ్చారు. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, అంటే రక్తంలో హెపటైటిస్ బి ఉందన్నమాట. మా జగిత్యాల వైపు చాలామందికి ఈ సంగతి గల్ఫ్ మెడికల్‌లోనే తెలుస్తుంది. అప్పుడు చూసిన డాక్టర్ “నువ్వు కారియర్‌వి, అంటే వైరస్ ఉంది గానీ జబ్బు లేదు, అంతే. మందులు అక్కర్లేదు, మందు మాత్రం తాగకు” అని పంపించేశాడు. ఏజెంటుకు కట్టిన డబ్బుల్లో సగమే తిరిగొచ్చింది. ఊళ్లోనే బోరు మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాను.

చాలా ఏళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఒక యాసంగిలో, మోటార్లు వరుసగా కాలిపోయి షాపు ముందు బారులు తీరే రోజుల్లో, ఒంట్లో సత్తువంతా ఎవరో తోడేసినట్టు అయిపోయింది. కాయిల్ చుడుతుంటే చుట్ల లెక్క తప్పేది. వార్నిష్ వాసనకు కడుపులో తిప్పేది. పొద్దంతా ఆ వాసనలోనే బతికేవాణ్ని, ఎప్పుడూ అలా కాలేదు. మా ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు. “నీ కండ్లు అద్దంల చూసుకున్నవా, పచ్చగైనయ్” అని నా భార్య అన్నదాకా నాకు అనుమానమే రాలేదు.

ఇక మా అమ్మ ఊరుకోలేదు. “పసిరికలకు ఇంగ్లీషు మందు పనిచెయ్యది బిడ్డా” అని పక్క ఊరికి తీసుకెళ్లి ముంజేతి మీద వాత పెట్టించింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వరసగా అందరికీ ఒకే సూదితో కాలుస్తుంటే కామెర్లు తగ్గడం మాట అటుంచి, లేని రోగం కూడా అంటుకోవచ్చని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తుంది.

కరీంనగర్‌లో రక్తపరీక్ష చేస్తే, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది. అక్కణ్నుంచి హైదరాబాద్ పంపారు. అక్కడి లివర్ డాక్టర్ మేడమ్ రిపోర్టులన్నీ బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. నీళ్ల వల్ల వచ్చే ఎ, ఇ రెండూ నెగెటివ్. పాత బి రెచ్చిపోయిందేమో అనుకుంటే దాని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, చాలా తక్కువ. “వైరస్ ఇంత తక్కువుంటే లివర్ ఇంతలా ఎందుకు దెబ్బతింటుంది? లెక్క కుదరట్లేదు” అంటూనే ఇంకో పరీక్ష రాసింది, హెపటైటిస్ డి అనే మరో వైరస్‌కు యాంటీబాడీ ఉందేమో చూసేది. శాంపిల్ బయటి ల్యాబ్‌కు పోయి రావడానికి టైం పట్టింది. ఆలోపు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం లెక్క) పెరుగుతుందేమో, మాట తడబడుతుందేమో అని రోజూ చూసేవారు. లివర్ చేతులెత్తేసే ముందు కనిపించే గుర్తులవి.

పాజిటివ్ వచ్చింది. తర్వాత వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్‌లోనూ అది కనబడింది.

మేడమ్ చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: డి వైరస్‌కు సొంతంగా పై తొడుగు ఉండదు. బి తయారు చేసుకునే ఉపరితల ప్రోటీన్నే, అదే గల్ఫ్ మెడికల్‌లో నాకు దొరికిన హెచ్‌బీఎస్‌ఏజీనే, తొడుగుగా వాడుకుంటుంది. బి లేని ఒంట్లో డి నిలవలేదు. రెండూ ఒకేసారి సోకితే ఎక్కువమంది పెద్దవాళ్లలో రెండూ పోతాయి. నాలాగా ముందే బి ఉన్నవాడికి తర్వాత డి తోడైతే మాత్రం అది చాలావరకు పాతుకుపోతుంది, లివర్‌ను సిరోసిస్ వైపు, అంటే మచ్చలు పడి గట్టిపడిపోయే స్థితికి, తొందరగా లాక్కుపోతుంది. 1977లో ఇటలీలోని టూరిన్‌లో మారియో రిజెట్టో అనే డాక్టర్ దీని ఆనవాలు కనిపెట్టారు. మంగోలియా, మోల్డోవా, అమెజాన్ ప్రాంతాల్లో ఎక్కువ. మన దగ్గర తక్కువేనంటారు. ఎంతమందికి పరీక్ష చేసి తక్కువంటున్నారో అని నాకో సందేహం.

ఎలా వచ్చిందని అడిగితే రక్తం ద్వారానో, శృంగారం ద్వారానో వస్తుందని చెప్పింది గానీ, ఫలానా చోట అని ఎవరూ తేల్చలేరు. ఆర్‌ఎంపీ సూదా, సెలూన్ బ్లేడా, వాతా? వాత పెట్టించేసరికే కళ్లు పచ్చబడ్డాయి కాబట్టి అది కాదనుకుంటాను.

కామెర్లు తగ్గాయి, వైరస్ తగ్గలేదు. ఆరు నెలలు దాటినా పీసీఆర్ పాజిటివే. లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌లో సిరోసిస్ ఇంకా రాలేదని తేలాక, ఒంటి రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ మొదలుపెట్టారు. వారానికో ఇంజెక్షన్, 48 వారాలు. బి కోసం ఇచ్చే టెనోఫోవిర్ డి మీద పనిచేయదు. యూరప్‌లో 2020లో డి కోసమే బులెవిర్టైడ్ అనే మందుకు అనుమతి వచ్చిందని మేడమే చెప్పింది; నాకు దొరికింది మాత్రం ఇంటర్‌ఫెరానే. అందరికీ పనిచేయదని, మానేశాక వైరస్ తిరగబెట్టొచ్చని ముందే చెప్పింది.

ఇంజెక్షన్‌ను ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్ట పక్కన పెట్టుకునేవాళ్లం. శనివారం రాత్రి పొట్ట చర్మం పట్టుకుని నా భార్యే పొడిచేది. ఆదివారమంతా చలిజ్వరం, ఒళ్లు నొప్పులు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి డోసు తగ్గించాల్సి వచ్చింది. జుట్టు ఊడటం ఓర్చుకున్నాను, కోపాన్ని ఓర్చుకోలేకపోయాను. ఒకరోజు చుట్లు తప్పిన కాయిల్‌ను గోడకేసి కొడితే షాపు కుర్రాడు బిత్తరపోయి “అన్నా, నేను చుడతలే, నువ్వు ఇంటికి పో” అన్నాడు. ఈ మందుకు మనసు కుంగడం, చిరాకు ఉంటాయని మేడమ్ చెప్పి ఉండబట్టి సరిపోయింది. లేకపోతే నాకు పిచ్చెక్కిందనే అనుకునేవాణ్ని.

చికిత్స అయ్యాక, మళ్లీ ఆరు నెలలకు కూడా పీసీఆర్‌లో డి కనబడలేదు. బి మాత్రం అలాగే ఉంది. అది ఉన్నంతకాలం ఆరు నెలలకోసారి స్కానింగ్, ఏఎఫ్‌పీ అనే కాన్సర్ ఆనవాలు చూసే రక్తపరీక్ష తప్పవు. ఈ రెండు వైరస్‌లూ లివర్ కాన్సర్ తెచ్చేవే.

మా ఇంట్లో మొదట పరీక్ష చేయించింది నా భార్యకు. నెగెటివ్. సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన బి టీకా వేయించి, తర్వాత యాంటీబాడీలు పది దాటాయని, అంటే రక్షణకు సరిపోతాయని చూసుకున్నాం, అప్పటిదాకా కండోమ్. డికి వేరే టీకా లేదు, బి రానివాడికి బి టీకాయే డిని కూడా ఆపుతుంది. పిల్లలకు పుట్టినప్పుడే వేశారు. మన దేశపు తొలి రీకాంబినెంట్ (జన్యు పద్ధతిలో చేసిన) బి టీకాను 1997లో తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్సే, కాకపోతే నేను పుట్టింది అంతకు ముందు. బి వచ్చేశాక ఆ టీకా నాకెందుకూ కొరగాదు. రేజర్, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర నావి నావే. సెలూన్‌లో బ్లేడు కవరు నా కళ్లముందే చింపాలి. “కొత్తదేనన్నా” అని నవ్వుతాడు, అయినా చింపి చూపిస్తాడు.

ఒక పెళ్లిలో నాకొక్కడికే పేపర్ ప్లేట్ పెట్టారు. కలిసి తింటే, చెయ్యి కలిపితే ఇది రాదని అక్కడే చెప్పాను. వినేవాళ్లు విన్నారు.

హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ ఉన్న ప్రతి ఒక్కరికీ డి యాంటీబాడీ కూడా చూడటం మేలని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాల్లో పెట్టింది. ఆ మాట పట్టుకునే మా అక్కను తీసుకెళ్లాను, ఆమెకూ బి ఉంది. డాక్టర్ “అవసరం లేదమ్మా” అన్నా పట్టుబట్టి రాయించాం. డి నెగెటివ్. బావకు బి కూడా లేదు, టీకా మొదలుపెట్టించాం. రెండు డోసులయ్యాయి. మూడోదానికి “పొలం పనులైనంక చూద్దాంలే బామ్మర్దీ” అంటున్నాడు, నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను.