ఆప్రికాట్ చెట్లు ఉన్నాయి

వారం రోజులుగా ఒకే పుస్తకం చేతిలో ఉంది. డెన్మార్క్ కవయిత్రి ఇంగర్ క్రిస్టెన్సెన్ 1981లో తెచ్చిన 'ఆల్ఫాబెట్', సుసానా నీడ్ ఇంగ్లిష్ అనువాదంలో. మొదటి భాగం ఒకే ఒక్క పాదం: ఆప్రికాట్ చెట్లు ఉన్నాయట. ఆ మాటే రెండుసార్లు. (నాకు తెలిసిన ఆప్రికాట్ పెళ్లి భోజనాల్లో ఖుబానీ కా మీఠా మాత్రమే!) తర్వాతి భాగం రెండు పాదాలు, ఆపైన మూడు, ఐదు, ఎనిమిది... ఫిబొనాచీ లెక్క, అంటే ముందున్న రెండు అంకెలు కలిపితే తర్వాతిది. నమ్మకం కుదరక పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను. ఇన్ని మాత్రల్లో లఘువులు, గురువులు ఎన్ని రకాలుగా అమరుతాయో చూస్తే వచ్చే అంకెలూ ఇవే. మన ఛందస్సు పండితులకు ఎప్పుడో తెలుసు. స్కూల్లో గణవిభజన అంటే టెన్షన్ పడిన నాకు నవ్వొచ్చింది.

చెట్లు, పావురాలు అనుకుంటూ హాయిగా వెళ్తుంటే అణుబాంబు వస్తుంది. హిరోషిమా, నాగసాకి. అదీ అదే "ఉంది" అనే మాటతోనే. అక్కడ పుస్తకం మూసేసి కాసేపు బాల్కనీలో కూర్చున్నాను.

ఆమె 2009లో పోయారు. రాతప్రతులు కోపెన్‌హాగన్‌లోని రాయల్ లైబ్రరీలో ఉన్నాయి. ఎప్పటికైనా ఒక్క కాగితం చూడాలని ఉంది. లెక్కకు మించిందని ఏ మంచి పాదాన్ని కొట్టేశారో!