పాత ప్లేటులో ఏ చప్పుడు ఎవరిది?

పాత ఎల్పీ (పెద్ద గ్రామఫోను ప్లేటు) అంటే గరగరలాడాల్సిందే, అదే దాని అందం అని చాలామంది అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1950లు, 60లు, 70లలో జాజ్, బ్లూస్, ఫోక్, రాక్ ఆల్బమ్‌లు చేసినవాళ్లెవరూ మనకు గరగర వినిపించాలనుకోలేదు. తిరుపతిలోనో చిత్తూరులోనో అటక మీది నుంచి దించిన ప్లేటు చేసే చప్పుడులో ఎక్కువ వాటా మురికిది, అరిగిన సూదిది, తప్పు వేగానిది. ఈ మూడూ పోయాక మిగిలేది ఆల్బమ్ సొంత గొంతు. అందులోనూ లోపాలుంటాయి. కాకపోతే అవి స్టూడియోలో పుట్టినవి, ఎంత కడిగినా పోవు. ఏది ఎవరిదో తెలిస్తే అనవసరంగా సూదులు మార్చే ఖర్చు తప్పుతుంది, మంచి ప్లేట్లు పాతసామాను వాడి పాలు కాకుండా ఉంటాయి.

ముందు చెవితో, గడియారంతో చేసే పరీక్ష. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. ‘టక్’ అన్న చప్పుడు వరసగా వస్తుంటే ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టండి. ఒక టక్కు దగ్గర మొదలుపెట్టి తర్వాత పది టక్కులకు 18 సెకన్లు పడితే అది గీత. అడ్డంగా పడిన గీత ప్రతి చుట్టులోనూ సూదికి తగులుతుంది. వరస లేకుండా ఎక్కడ పడితే అక్కడ చిటపటమంటే దుమ్ము, లేదా ఎండాకాలం పొడిగాలికి ప్లేటు మీద చేరే స్టాటిక్ విద్యుత్తు. టక్కులేవీ లేకుండా అదే 1.8 సెకన్లకోసారి స్వరం కిందికీ పైకీ ఊగుతుంటే, మధ్య రంధ్రం సరిగ్గా నడుమ లేదన్నమాట, లేదా ప్లేటు వంగింది. పియానో స్వరం సాగదీసిన చోట ఈ ఊగిసలాట ఇట్టే దొరికిపోతుంది. ఇంకో వింత ఉంది. పాట మొదలవడానికి 1.8 సెకన్ల ముందు అదే పాట పీలగా, దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ప్లేట్లు అచ్చువేయడానికి మూలమైన మాస్టరు కోసేటప్పుడు ఒక గాడి ఒత్తిడి పక్క గాడి గోడ మీద పడ్డ గుర్తు అది. మీ ప్లేటుకేమీ కాలేదు.

ఇక వేగం. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి పాత టర్న్‌టేబుల్ ఒకటి తెచ్చి పెట్టడం మన ఊళ్లలో మామూలే. 120 వోల్టుల మిషను కాబట్టి ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలిస్తారు. మిషను తిరుగుతుంది, పాట మాత్రం నీరసంగా వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే ఏసీ సింక్రొనస్ మోటారయితే 33⅓ చుట్లకు బదులు 27.8 చుట్లే తిరుగుతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా పడిపోతుంది. ఐదు శ్రుతిలో పాడిన పాట మూడు శ్రుతికి దిగిపోతుందన్నమాట. దీనికి మందు 50 హెర్ట్జ్ పుల్లీ, అంటే మోటారు ఇరుసు మీది చిన్న చక్రం. అసలు పుల్లీ కంటే దాని వ్యాసం 1.2 రెట్లు ఉండాలి. డీసీ మోటారు, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ మిషన్లకు ఈ గొడవ లేదు.

వేగం సరిచూడడానికి 180 గీతల స్ట్రోబ్ డిస్కు కాగితం మీద ప్రింటు తీసుకోండి. 216 గీతలది 60 హెర్ట్జ్‌కి, అది మనకు పనికిరాదు. దాన్ని ప్లేటు మీద పెట్టి తిప్పుతూ నియాన్ బెడ్‌ల్యాంపు వెలుగులో చూడాలి. గీతలు కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉంది. తిరిగే వైపుకే జరుగుతుంటే ఎక్కువ, వెనక్కి జరుగుతుంటే తక్కువ. ఎల్ఈడీ బల్బు కింద గీతలు కనబడకపోతే కంగారు పడొద్దు, చాలా ఎల్ఈడీలు కరెంటుతోపాటు మిణుకుమనవు. కరెంటు పోయి స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రం ఏసీ మోటారు మిషను ఆపేయడమే మంచిది. మోటారు గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది, వేగం ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీ ఎటు పోతే అటు పోతుంది.

ఇంత చేశాక కూడా శ్రుతి తేడాగా ఉన్న ఆల్బమ్ ఒకటుంది. జాజ్‌లో అందరికంటే ముందు వినమని చెప్పేది కూడా అదే. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, 1959. మొదటి వైపున్న మూడు పాటలనూ ఆ ఏడు మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ల 30వ వీధి స్టూడియోలో రికార్డు చేశారు. ఆ రోజు మాస్టరు టేపు మిషను కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును మామూలు వేగంతో నడిపితే శ్రుతి పెరుగుతుంది. ఆ టేపు నుంచే దశాబ్దాల పాటు ప్లేట్లు వచ్చాయి. సరిచేసింది 1992లో. ఏప్రిల్ 22న రికార్డయిన రెండో వైపుకు ఈ లోపం లేదు.

కర్ణాటక సంగీతం విన్న చెవికి దీన్ని పట్టుకోవడం సులువు. ‘సో వాట్’ డి డోరియన్‌లో ఉంటుంది, మన లెక్కలో రెండు శ్రుతిలో ఖరహరప్రియ స్వరాలు. పదహారు బార్లు (ఆవర్తాలు) అక్కడ, తర్వాత ఎనిమిది బార్లు అవే స్వరాలు రెండున్నర శ్రుతికి ఎక్కుతాయి, మళ్లీ ఎనిమిది బార్లు కిందికి దిగుతాయి. ఫోనులో తంబురా యాప్‌ను రెండు శ్రుతికి పెట్టి మొదటి వైపు వినండి. 1992కి ముందు అచ్చయిన ప్లేటయితే తంబురా కంటే కొద్దిగా పైన నిలబడుతుంది. రెండో వైపు ‘ఆల్ బ్లూస్’ జి మీద ఉంటుంది కాబట్టి తంబురాను ఐదుకు మార్చి చూడండి. రెండోది కలిసి, మొదటిది కలవకపోతే మీ టర్న్‌టేబుల్ సరిగ్గా ఉన్నట్టే. రెండు వైపులా ఒకే మోతాదులో తేడా ఉంటే తప్పు మిషనుది. టర్న్‌టేబుల్‌ను ఇంత బాగా పరీక్షించే ప్లేటు మరొకటి నాకు తెలియదు.

సూది దగ్గరికి వద్దాం. ప్లేట్లను పాడుచేసేది కాలం కంటే సూదే. మన ఇళ్లలో దొరికే హెచ్ఎంవీ ఫియెస్టా లాంటి సూట్‌కేసు ప్లేయర్లలో ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్ (కార్ట్రిడ్జ్ అంటే సూది కదలికను కరెంటుగా మార్చే భాగం). బరువు ఎక్కువ, ఐదారు గ్రాములు మోపుతుంది. సఫైర్ సూదయితే కొన్ని పదుల గంటలకే అరిగిపోతుంది. అది తెలియక ఏళ్ల తరబడి అదే సూదితో వాయించినవాళ్లే ఎక్కువ. మోనో కోసం చేసిన సూది నిలువుగా కదలదు. స్టీరియో గాడి సూదిని కిందికీ పైకీ కూడా కదుపుతుంది. ఆ రెండూ కలిస్తే గాడి గోడలు చెక్కుకుపోతాయి. అలాంటి ప్లేయరును అలమరలో అందంగా ఉంచుకోండి, మంచి స్టీరియో ఎల్పీని మాత్రం దాని మీద పెట్టకండి.

కొత్తగా కొనేటప్పుడు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ చాలు. ఆడియో టెక్నికా వీఎం95ఈ అయితే సూది ప్లేటు మీద మోపాల్సిన బరువు 2 గ్రాములు. ముందు సూది ఎక్కడా తగలకుండా, సూదిని మోసే చేయి (టోన్‌ఆర్మ్) గాలిలో సమంగా తేలేదాకా వెనక బరువు తిప్పాలి. వెనక బరువు కదలకుండా పట్టుకుని, అంకెల చక్రం ఒక్కదాన్నే సున్నాకు తేవాలి. తర్వాత బరువూ చక్రమూ కలిపి 2 దాకా తిప్పాలి. సూదిని లోపలి వైపుకు లాగే బలాన్ని సరిచేసే యాంటీస్కేట్ కూడా 2. తక్కువ బరువు పెడితే ప్లేటుకు మంచిదనుకుంటారు గానీ, బరువు చాలని సూది గాడిలో ఎగిరెగిరి పడి గోడలను కొడుతుంది. ఆ దెబ్బ కొద్దిగా ఎక్కువైన బరువు కంటే చెడ్డది. ఈ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, కాబట్టి దాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్ తప్పనిసరి. సన్నటి ఎర్తు తీగ ప్రీయాంప్ స్క్రూకి బిగించకపోతే గుయ్యిమనే హమ్ వస్తుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు ‘78’ ప్లేట్లకు ఈ సూది పనికిరాదు. వాటి గాడికి 3 మిల్లుల సూది కావాలి (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఎల్పీ సూది సన్నగా ఉండి గాడి అడుగుకు జారి, అక్కడి చెత్తనంతా వాయిస్తుంది.

వైపు చివరి పాటలో ‘స’లు ‘ష’లు చిరిగినట్టు వినిపించడం అందరూ చెప్పే ఫిర్యాదు. బయటి అంచున గాడి సూది కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది, లోపల లేబులు దగ్గర 21 మాత్రమే. అంత తక్కువ జాగాలో అన్ని అలలూ ఇరుక్కోవాలి కాబట్టి అక్కడ సూది కోణం వెంట్రుకవాసి తప్పినా తెలిసిపోతుంది. ప్రొట్రాక్టరు (కోణం చూసే) కాగితం మీద నడిమి రంధ్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గరా, 121 దగ్గరా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా నిలబడాలి. అన్ని ప్లేట్లలోనూ చివరి పాట చిరుగుతుంటే ఇది సరిచేయండి. ఒక్క ప్లేటులోనే అయితే పాత యజమాని బరువు సూది చేసిన పని అది, ఇక బాగుపడదు.

బ్లూస్, పాత ఫోక్ కొనేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. రాబర్ట్ జాన్సన్ 1936, 37లలో టెక్సాస్‌లో పాడిన పాటలను కొలంబియా 1961లో ‘కింగ్ ఆఫ్ ది డెల్టా బ్లూస్ సింగర్స్’ పేరుతో ఎల్పీగా తెచ్చింది. హ్యారీ స్మిత్ 1952లో ఫోక్‌వేస్ కంపెనీ కోసం కూర్చిన ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’లోని 84 పాటలూ పాత 78 ప్లేట్ల నుంచి ఎత్తినవే. వాటిలో నిలకడగా వచ్చే బుస్సుమనే శబ్దం ఆ 78లది, మీ ప్లేటుది కాదు. మీ ప్లేటు మీది దుమ్ము చప్పుడును మాత్రం సగం తగ్గించే ఉపాయం ఉంది: యాంప్లిఫయరులో మోనో బటన్ నొక్కండి. మోనో పాట గాడిలో అడ్డంగా మాత్రమే ఉంటుంది. దుమ్ము సూదిని నిలువుగా ఎగరేసిన చప్పుడు రెండు చానళ్లలో ఎదురెదురుగా ఉంటుంది కాబట్టి, కలిపితే చాలావరకు రద్దయిపోతుంది.

రాక్‌లో రెండు ముచ్చట్లు. బీటిల్స్ ‘రబ్బర్ సోల్’ 1965 స్టీరియోలో గొంతులు ఒక స్పీకరులో, వాద్యాలు రెండోదానిలో వస్తే తీగ ఊడలేదు, మిక్సింగే అలా చేశారు. లెడ్ జెప్లిన్ రెండో ఆల్బమ్ ‘హోల్ లొట్టా లవ్’లో గొంతు కంటే ముందు దాని నీడలా మరో గొంతు వినిపించేది టేపులోనే ఉంది.

ఇక కడగడం. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు అసలు వద్దు. గీజరు కాయిల్‌కి తెల్లగా పట్టే ఉప్పే ఆరిపోయాక గాడిలోనూ పడుతుంది. బ్యాటరీల కొట్లో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది, యాసిడ్ కలిపిన సీసా కాకుండా చూసి తీసుకోండి. 850 మిల్లీలీటర్ల నీళ్లకు 150 ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాసన లేని గిన్నెల సబ్బు ద్రవం రెండే చుక్కలు. లేబులు తడవకుండా మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా ఎప్పుడూ వద్దు. వెంటనే ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి. ఈ రెండోసారి మానేస్తే సబ్బు పొర సూదికి బూడిదరంగు ముద్దలా చుట్టుకుంటుంది. గిన్నెల స్టాండులో నిలబెట్టి గంట ఆరనివ్వండి, ఫ్యాను ఆపేసి. 78 ప్లేట్లకు మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

కొనడానికి చెన్నై సెంట్రల్‌లో దిగితే పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్సు. ప్లేటును వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి. గోరుకు తగిలే గీత సూదికీ తగులుతుంది. తగలని సన్న గీతలు చాలాసార్లు వినపడవు. మెరుపు పోయి గాడులు బూడిదరంగుకు తిరిగాయంటే అరిగిపోయిన ప్లేటు, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. లేబులు మీద రంధ్రం చుట్టూ సాలెగూడు లాంటి గీతలుంటే ఎన్నోసార్లు వాయించారని అర్థం. పాటలు అయిపోయాక మిగిలే నున్నటి భాగంలో గీసిన అక్షరాలు చదవండి. పాత బ్లూ నోట్ కంపెనీ జాజ్ ప్లేట్లలో ‘ఆర్‌వీజీ’ అని ఉంటే రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ కోసిన మాస్టరు నుంచి వచ్చింది. కోల్‌కతా దగ్గరి డమ్ డమ్‌లో హెచ్ఎంవీ అచ్చువేసిన బీటిల్స్ ప్లేట్లను ఇండియన్ ప్రెస్సింగ్ అని తీసిపారేసేవాళ్లున్నారు. శుభ్రంగా ఉన్న డమ్ డమ్ ప్లేటు అరిగిపోయిన లండన్ ప్లేటు కంటే ఎన్నో రెట్లు నయం.

తెచ్చాక నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. అర లోపలి ఎత్తు 13 అంగుళాలుండాలి. అడుగు పొడవుకు 70 దాకా పడతాయి, ఆ బరువు 15 కిలోలు దాటుతుంది, పల్చటి చెక్క వంగిపోతుంది. వినైల్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. మిద్దె మీది రేకుల గదిలో, పడమటి గోడకు ఆనించి అసలు పెట్టొద్దు. నవంబరు వానలకు గోడలు చెమ్మగిల్లుతాయి కాబట్టి అరను గోడకు రెండు అంగుళాలు ఎడంగా జరపండి. ప్లేటుకు నేరుగా తగిలే మందపాటి పీవీసీ కవర్లు ఉంటే ఈ నెలలోనే తీసేయండి, వేడికి అవి ప్లేటు మీద మసకలాంటి మచ్చ వేస్తాయి, అది కడిగినా పోదు. వాటి బదులు పాలిథిన్ లోపలి కవర్లు చాలు.