ముక్కు మీద అరవై కిలోలు

మా వెల్డింగ్ అన్నకి ట్రైలర్ అంటే ట్రాక్టరు వెనకాల చెరుకు మోసేదే. పలమనేరు పక్కాయన. బెంగళూరు పీణ్యలో షెడ్డు పెట్టి ఎన్నో ఏళ్లయింది. నీళ్ల ట్యాంకర్లు, ట్రాలీలు, అపార్టుమెంటు గేట్లు చేస్తాడు. ఆయన చేసిందేదీ విరగదు, నలుగురు కలిసినా లేపలేరు కూడా. బొలేరో వెనక కట్టుకుని, రాత్రికి లోపల పడుకునే చిన్న టియర్‌డ్రాప్ ట్రైలర్‌కి నేను గీసిన డ్రాయింగు బెంచీ మీద పరిస్తే కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"ఇంత సన్న పైపా? వంద చానల్ ఏద్దామప్పా, పది కాలాలుంటాది."

"అన్నా, దీంట్లో ఇద్దరు పండుకునేదే. చెరుకు మొయ్యదు."

"పండుకున్నప్పుడు ఇరిగితేనే గదప్పా కష్టం."

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు గానీ లెక్క ఉంది. వంద చానల్, అంటే వంద మిల్లీమీటర్ల ఎత్తుండే ‘సి’ ఆకారం ఉక్కు, మీటరుకి తొమ్మిది కిలోల పైమాటే. 80×40 పైపు, 3 మిల్లీమీటర్ల మందంది, ఐదు కిలోల చిల్లర. చట్రం మొత్తానికి పద్నాలుగు మీటర్లు పడుతుందనుకుంటే అక్కడే యాభై, అరవై కిలోల తేడా. పైగా గుంతల దారిలో ఒక చక్రం లేచి ఇంకోటి దిగినప్పుడు చట్రం మెలిపడుతుంది. ఆ మెలికని నాలుగు వైపులా మూసి ఉన్న పైపు తట్టుకున్నట్టు ఒక పక్క తెరిచి ఉన్న చానల్ తట్టుకోలేదు. బరువెక్కువైతే బలమెక్కువ అనే నమ్మకం మన షెడ్లలో బాగా పాతుకుపోయింది. ట్రాలీకి అది సరిపోతుందేమో. నాకు మాత్రం ఆ అరవై కిలోలు నీళ్లకీ, బ్యాటరీకీ, మా ఇంటామె పట్టుబట్టి పెట్టించే ఇనప పెనానికీ కావాలి.

ఒక టూల్‌రూమ్‌లో ప్రెస్ టూల్స్, అంటే రేకుని నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు, డిజైన్ చెయ్యడం నా ఉద్యోగం. మైక్రాన్ల గొడవలో బతికేవాడికి ఎనిమిదడుగుల డబ్బా గియ్యడం సెలవు లాంటిదే.

టియర్‌డ్రాప్ ట్రైలర్ గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు. పక్కనుంచి చూస్తే ముందు గుండ్రంగా లేచి, వెనక్కి జారుతూ దిగే చిన్న డబ్బా. లోపల పరుపు తప్ప ఏమీ ఉండదు, నిలబడటానికి ఎత్తుండదు. వంటిల్లు బయట, వెనక. డిక్కీ తలుపు పైకి లేపితే అదే గొడుగు, దాని కింద పొయ్యి. 1930లలో అమెరికాలో మొదలైన ఆకారం ఇది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1947 సెప్టెంబరులో, మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ అనే పత్రిక ఇంట్లో కట్టుకునేందుకు దీని ప్లాను అచ్చువేసింది. ఈ ఆకారం ఇంతకాలం నిలవడానికి అందం ఒక్కటే కారణమని నేననుకోను. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు ఇంటూ నాలుగడుగులు. పక్కగోడ ఒక్క షీటులోంచి అతుకు లేకుండా వచ్చేస్తుంది. ఆ షీటు కొలత డెట్రాయిట్‌లో ఎంతో మైసూర్ రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లోనూ అంతే.

వెడల్పు దగ్గర ఇంట్లో పేచీ వచ్చింది. ఐదడుగులు కావాలని ఆమె, నాలుగే అని నేను. నాలుగైతే నేలా కప్పూ రెండూ అతుకు లేకుండా షీటు వెడల్పులోనే సరిపోతాయి, చక్రాలు డబ్బాకి రెండు పక్కలా బయటుంటాయి, డబ్బాని కిందికి దించుకోవచ్చు. ఐదైతే చక్రాల గూళ్లు పరుపులోకి పొడుచుకొస్తాయి, లేదంటే డబ్బా మొత్తం చక్రాల పైకి లేవాలి. లేచిన డబ్బా వాలు దారిలో పక్కకి ఒరుగుతుంది. హాల్లో టేపు పెట్టి నాలుగడుగులు గీసి ఇద్దరం పడుకుని చూశాం. "సరేలే, చలికాలం పోదాం" అంది. నాలుగు ఖాయమైంది.

అసలు పని కిందనే. మా బండి పాత బొలేరో కాబట్టి ట్రైలర్‌కీ బొలేరో హబ్బులు, బొలేరో చక్రాలే, 215/75 ఆర్15 టైర్లు. బండికీ ట్రైలర్‌కీ స్టెపినీ ఒక్కటే సరిపోతుంది, బేరింగు పోతే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ట్రైలర్ చక్రాలు బండి చక్రాల జాడలోనే నడవాలని ఇరుసు పొడవు దానికి తగ్గట్టే తీసుకున్నాం. మట్టిలోనో ఇసుకలోనో బండి ఒకసారి తొక్కిన జాడలో వస్తే లాగడం తేలిక. కొత్త జాడ తనే తవ్వుకుంటూ వస్తే ఇంజను ఏడుస్తుంది.

ఇరుసు చివర హబ్బు కూర్చునే స్టబ్బులు ఈఎన్8 అనే రకం ఉక్కులో లేత్ మీద చెక్కించాను. పీణ్యలో ఏ లేత్ షాపులో అడిగినా ఈఎన్8 ఉంటుంది. లేత్ మీద చెక్కడం వరకూ మంచి ఉక్కే, వెల్డింగుకే మొండిది. దాంట్లో కార్బన్ 0.4 శాతం దగ్గర ఉంటుంది. చల్లగా ఉండగా వెల్డ్ చేస్తే అతుకు పక్కనే, కంటికి కనపడకుండా, చిట్లుతుంది. చక్రం ఊడిపోయేది ఇలాంటి చోటే. ముందు గ్యాసు మంటతో వేడెక్కించి, వెల్డ్ చేశాక గాలి తగలకుండా సున్నం పొడిలో పూడ్చి నెమ్మదిగా చల్లార్చాలి. ఈ విషయంలో మాత్రం అన్న నాకంటే మొండి. నేను నోరు తెరవకముందే "ఏడి చేయకుండా నేను ముట్టను" అన్నాడు. సన్న పైపు విషయంలో పోయిన గౌరవం ఇద్దరికీ అక్కడ తిరిగొచ్చింది.

కమాను పట్టీలకి నా దగ్గర ఒకే నియమం: ట్రైలర్ బరువుకి లొంగనివి పనికిరావు. బొలేరో వెనక పట్టీలు ఈ బరువుకి కదలవు, గుంత పడ్డప్పుడల్లా డబ్బా మొత్తం గాల్లోకి ఎగురుతుంది. మారుతి ఓమ్ని వెనక పట్టీలు మా బరువుకి చక్కగా సరిపోయాయి. బండ్ల విడిభాగాలమ్మే జేసీ రోడ్డు సందుల్లో జత దొరికింది. షాకప్స్ కూడా పెట్టాను. ఎగుడుదిగుడు దారి అన్నాక అవి లేకుండా కుదరదు.

కొక్కెం గురించి కొంచెం ఆగి చెప్పాలి. మామూలు ట్రైలర్లకి బండి వెనక 50 మిల్లీమీటర్ల గుండు, దాని మీద టోపీలా కూర్చునే కప్లర్ ఉంటాయి. రోడ్డు మీద దీనికి వంక పెట్టలేం. కానీ బండి ఎడమకి ఒరిగి, ట్రైలర్ కుడికి ఒరిగిందంటే గుండు మీద టోపీ తిరగగలిగేది కొంతే. ఆపైన అది లీవరయి ఏదో ఒకటి వంచుతుంది, లేదా ఊడుతుంది. మిలిటరీ ట్రైలర్లకి ఉండే కొక్కెం, రింగు ఏ పక్కకైనా తిరుగుతాయి గానీ దారంతా గడగడలాడతాయి. నేను మూడు దిక్కులా తిరిగే జాయింటు గీశాను. పైకీ కిందకీ ఒక పిన్ను, పక్కలకి ఒక పిన్ను, మెలికకి బుష్షులో తిరిగే షాఫ్టు. గ్రీజు నిపుల్స్ పెట్టాను. కింద రెండు గొలుసులు, ఒకదాని మీదుగా ఒకటి దాటేలా. జాయింటు ఊడితే ట్రైలర్ ముక్కు, అంటే కొక్కెం ఉండే ముందు కొస, నేలని గుద్దకుండా ఆ కత్తెరలో పడుతుంది.

ఆ ముక్కు మీద ఎంత బరువుండాలన్నదే నాకు మొత్తం డిజైను. మొత్తం బరువులో పదో వంతుకి తగ్గకూడదు, పదిహేను శాతం దాటకూడదు. తగ్గితే వేగంలో ట్రైలర్ తోకాడిస్తుంది. ఆ ఊపు మొదలైతే బండిని కూడా తనతో తిప్పేస్తుంది. ఎక్కువైతే బండి వెనక కుంగి, ముందు చక్రాలు తేలి, స్టీరింగు ఉత్తగా తిరుగుతున్నట్టుంటుంది. టియర్‌డ్రాప్‌తో చిక్కేమిటంటే వంటిల్లు వెనక ఉంది. ఇరుసు భుజమైతే ఇదో కావడి. వెనక కుండలో ఏం వేసినా ముందు కుండ తేలుతుంది. నా ట్రైలర్‌లో ఇరుసు నుంచి కొక్కేనికి 2.3 మీటర్లు. అంటే ఇరుసుకి మీటరు వెనకాల 23 కిలోల వంటసామాను పెడితే ముక్కు మీద సరిగ్గా 10 కిలోలు తేలిపోతాయి.

అందుకే నీళ్ల ట్యాంకు, 40 లీటర్లది, ఇరుసు మీదే పెట్టాను. నిండుగా ఉన్నా ఖాళీ అయినా ముక్కు లెక్క మారదు. స్టెపినీ, బ్యాటరీ ఎక్కడ పెట్టాలో మాత్రం కావాలనే తేల్చలేదు. రెండింటికీ ఇరుసు దగ్గరొకటి, ముక్కు మీదొకటి చోట్లు వదిలాను. సామాన్లన్నీ ఎక్కించి హైడ్రా క్రేనుతో లేపి వేబ్రిడ్జి మీద దించితే మొత్తం 540 కిలోలు. అక్కడి ముల్లు పది కిలోలకోసారి గానీ కదలదు కాబట్టి ముక్కు కింద ఇంట్లో ఒళ్లు తూచుకునే మిషను పెట్టాను: 38. స్టెపినీ, బ్యాటరీ రెండూ ముక్కు పెట్టెలోకి మార్చాక 62. పదకొండున్నర శాతం. వేబ్రిడ్జి అబ్బాయి ఆ చిన్న మిషను వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు గానీ ఏమీ అడగలేదు.

డబ్బా సంగతి. ప్లైవుడ్ ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న, నీళ్లకి తట్టుకునే మెరైన్ రకం. దాని జిగురుకి 72 గంటలు ఉడకబెట్టే పరీక్ష ఉంటుంది. 18 మిల్లీమీటర్ల షీటు ఒక్కోటీ 37 కిలోల దాకా తూగుతుంది. దాన్ని అలాగే గోడగా నిలబెడితే చట్రంలో మిగిల్చిందంతా గోడల్లో పోగొట్టుకున్నట్టే. అందుకని అంచులు, తలుపు చుట్టూ పట్టీలు మాత్రం మిగిల్చి మధ్యలో కోసేసి, ఆ ఖాళీల్లో ఫోమ్ షీటు కూర్చోబెట్టి, రెండు వైపులా పల్చటి ప్లై అతికించాం. వడ్రంగి జిగ్‌సా పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "ఇంత రేటు పెట్టి కొని సగం కోసి పారేస్తారా సార్?" కోసిన ముక్కలు వంటింటి అరలకి పనికొచ్చాయని చూశాకే ఊపిరి పీల్చుకున్నాడు.

వంపు తిరిగే కప్పుకి ఫ్లెక్సీ ప్లై, పైన ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకు. బెంగళూరు బోర్డులవాళ్లందరూ ఏసీపీ, అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక, వెయ్యమంటారు. చదరపు మీటరుకి రేకు 2.7 కిలోలు, ఏసీపీ అంతకంటే బరువు. ప్లైవుడ్‌కి నీళ్లు తగిలేది మొహం మీద కాదు, అంచుల్లో, స్క్రూ కన్నాల్లో. ప్రతి అంచుకీ ఎపాక్సీ తాగించాం. డిక్కీ తలుపు కీలు దగ్గర నీళ్లు దూరకుండా విదేశాల్లో ఒకదాంట్లో ఒకటి ఇమిడే అల్యూమినియం పట్టీ వాడతారు. నాకిక్కడ దొరకలేదు. పొడుగు పియానో కీలు వేసి, దాని మీద రబ్బరు పట్టీ కప్పాను. ఆగస్టు వానలకి ఆరుబయట వదిలేశాను. చుక్క రాలేదు.

గ్యాసు అరకి అడుగున కన్నం తప్పకుండా ఉండాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కింద చేరుతుంది. పరుపు గదిలోకి మాత్రం దానికి దారి ఉండకూడదు. ఆ గదికి గాలి కిటికీలు కూడా ఎప్పటికీ మూయలేనట్టుగా చేశాను. ఇద్దరు ఊపిరి వదిలితే తెల్లారేసరికి రేకు లోపల చెమట పడుతుంది. కరెంటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు: 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ, ఒక సోలార్ పలక, చిన్న ఫ్యాను, రెండు లైట్లు.

ఇక కాగితాలు. మన మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఇంజను లేకపోయినా ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంట్లో కట్టుకున్నదానికి అది తేలిగ్గా వచ్చేది కాదు, ఇంకా తిరుగుతున్నాను. ఆ కాగితం లేకుండా తుమకూరు రోడ్డెక్కే ధైర్యం నాకు లేదు. ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సువాడు మొదట అడిగేది అదే. కాబట్టి ఎలాంటి దారిలోనైనా నడవాలని కట్టిన ట్రైలర్‌ని ఐషర్ లారీ మీదెక్కించి గౌరీబిదనూరు దగ్గర మా బామ్మర్ది మామిడి తోటకి పంపాను. వెనకాలే నేను బొలేరోలో, ఖాళీ కొక్కెంతో.

తోట మధ్యలో ఒక వంక (చిన్న వాగు) ఉంది, ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. మొదట టైర్లలో బొలేరో గాలే ఉంచి లాగితే గట్ల మీద ట్రైలర్ బంతిలా దుమికింది. పద్దెనిమిది పౌండ్లకి దించాక కుదురుకుంది. వంకలోకి అడ్డంగా దిగేటప్పుడు బండి ఒక పక్కకి, డబ్బా ఇంకో పక్కకి ఒరిగాయి, జాయింటు కిక్కురుమనకుండా తిరిగింది. మా బామ్మర్ది పక్కనే నడుస్తూ ఫోనులో తీశాడు. ఆ వీడియో వెల్డింగ్ అన్నకి పంపితే, "బాగుందప్పా. చానల్ ఏసుంటే ఇంకా బాగుండు" అని జవాబొచ్చింది.

ఓవర్‌రన్ బ్రేకు పెట్టాలి. ట్రైలర్ బండిని నెట్టినప్పుడు ఆ నెట్టుడుతోనే పడే బ్రేకు అది. డ్రాయింగు అయింది, లేత్ పని మిగిలింది. కానీ ట్రైలర్ వెనక్కి తెచ్చుకునే దారి ఇప్పట్లో కనపడటం లేదు. కాయలు ముదిరాయి, మా బామ్మర్ది కాపలాకి రాత్రిళ్లు దాంట్లోనే పడుకుంటున్నాడు. నిన్న ఫోను చేశాడు.

"బావా, పరుపు బాగుంది. ఫ్యానొక్కటే పెద్దది ఎయ్యి."

పెద్దదంటే ఇంకో ముప్పావు కిలో. కప్పులో, ఇరుసుకి కాస్త ముందు పెడితే ముక్కుకి ఇబ్బంది లేదు.