ఆకు వంటగది కాదు

దసరా సెలవులకు విజయవాడ నుంచి మా అన్నయ్య పిల్లలిద్దరూ గుంటూరులోని మా ఇంటికి వచ్చారు. పాప ఏడో తరగతి, బాబు నాలుగో తరగతి. ఒకనాటి సాయంత్రం పాప తన సైన్సు పాఠాన్ని తమ్ముడికి చెబుతూ, మొక్కకు ఆకే వంటగది అనీ, ఎండ పొయ్యి అనీ, వేళ్లు నీళ్లు తెచ్చిపెట్టే గొట్టాలనీ వివరించింది. నేను కూడా ఎందరో పిల్లలకు ఇదే పోలికతో చెప్పినదాన్ని కాబట్టి సంతోషంగా వింటూ కూర్చున్నాను. అంతా విన్న బాబు, "మరి బియ్యం ఎవరు తెచ్చిస్తారు?" అని అడిగాడు.

పాప దగ్గర జవాబు లేదు. ఆ క్షణంలో నా దగ్గరా లేదు. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే, లోపం మేము చెప్పే పోలికలోనే ఉందని అర్థమైంది. వంటగదిలో బియ్యం అన్నమవుతుంది, కందిపప్పు పప్పవుతుంది. అంటే అప్పటికే ఆహారంగా ఉన్న వస్తువును మనం తినడానికి వీలుగా మార్చుకుంటాం. ఆకులో మాత్రం, మనం ఎంత తీసుకున్నా కడుపు నిండని రెండు వస్తువులు, గాలిలోని ఒక వాయువూ నేలలోని నీరూ, ఒకటితో ఒకటి కలిసి తిండిగా మారిపోతాయి. బియ్యం వండేచోటు మన వంటిల్లు అయితే, బియ్యం అసలు పుట్టేచోటు ఆకు. ఈ తేడా చెప్పకుండా పాఠం మొదలుపెడితే అందులోని ఆశ్చర్యమంతా పిల్లలకు అందకుండానే పోతుందని నాకు గట్టిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ మా సందులోని వేపచెట్టు దగ్గరకు తీసుకువెళ్లి, ఇంత లావు కర్ర దీనికి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమన్నాను. "మట్టిలోంచి," అన్నాడు బాబు. "తాతయ్య చేలో వేస్తాడే, బలం మందు, అలాంటిది తిని పెరిగి ఉంటుంది," అంది పాప. మట్టిని తిని పెరిగితే మొదలు చుట్టూ గొయ్యి పడాలి కదా అంటే, బాబు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, గొయ్యి లేదు సరికదా వేళ్ల దగ్గర నేల ఇంకా ఎత్తుగా ఉందని చెప్పాడు.

బలం మందు సంగతి అంత తేలికగా తీసివేయదగినది కాదు. మన పల్లెల్లో పుట్టి పెరిగిన పిల్లలకు మొక్క తిండి అంటే యూరియానే గుర్తుకు వస్తుంది. పెద్దవాళ్లు కూడా మొక్కకు ఎరువు తిండి పెట్టినట్లే మాట్లాడతారు. నేను పాపను, బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకుంటే ఆకలి తీరుతుందా అని అడిగాను. తీరదంది. అది ఒంటికి అవసరమే, లేకపోతే రక్తం తగ్గి నీరసం వస్తుంది, కానీ అది అన్నం కాదు. ఎరువు పని కూడా అలాంటిదే. యూరియాలోని నత్రజనీ, నేలలోని మెగ్నీషియమూ లేకపోతే ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం సరిగ్గా తయారుకాదు, ఆకు పసుపు పచ్చబడుతుంది, అప్పుడు తిండి తయారుచేసుకునే శక్తి దానికి తగ్గిపోతుంది. తిండిని మాత్రం ఏ బస్తాలోంచీ ఎవరూ పోయలేరు, దాన్ని మొక్క తానే తయారుచేసుకోవాలి.

ఇక్కడ వాళ్లకు వాన్ హెల్మాంట్ కథ చెప్పాను. ఆయన ఇప్పటి బెల్జియం ప్రాంతానికి చెందిన శాస్త్రవేత్త. సుమారు 90 కిలోల ఎండుమట్టి తూచి ఒక పెద్ద తొట్టిలో పోసి, అందులో రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్క నాటి, ఐదేళ్లపాటు వాననీరు తప్ప మరేదీ వేయకుండా పెంచాడు. చివరికి తూస్తే చెట్టు 77 కిలోల దాకా ఉంది; మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది సుమారు 57 గ్రాములు. ఆయన మరణానంతరం 1648లో అచ్చయిన గ్రంథంలో ఈ ప్రయోగం ఉంది. చెట్టంతా నీటి నుంచే పుట్టిందని ఆయన తేల్చాడు. "కరెక్టే కదా," అన్నారు పిల్లలు. సగమే కరెక్టు. గాలి కూడా చెట్టులో భాగమవుతుందన్న ఆలోచన ఆయనకు రాలేదు, ఆ తగ్గిన 57 గ్రాములనూ పట్టించుకోలేదు.

మిగతా సగాన్ని చూపించడానికి దూరం వెళ్లనవసరం లేకపోయింది. మా సందు మొదట్లోని ఇస్త్రీ బండి దగ్గర ఆగి, పెట్టెలో రాజేయడానికి పెట్టుకున్న బొగ్గుల్లోంచి ఒకటి అడిగి తీసుకుని పాప చేతిలో పెట్టాను. కర్రను గాలి తగలకుండా కాలిస్తే మిగిలేది ఈ బొగ్గు, ఇది దాదాపుగా కర్బనం, అంటే కార్బన్. ఎండిన కర్ర బరువులో సుమారు సగం అదే. వేళ్లు పీల్చిన నీటిలో హైడ్రోజనూ ఆక్సిజనూ ఉంటాయి గాని కర్బనం ఉండదు. అయితే ఇది ఎలా వచ్చింది? గోలీసోడా కొట్టగానే బుసబుసమంటూ పైకి వచ్చేదే కార్బన్ డై ఆక్సైడ్. మనం వదిలే ఊపిరిలోనూ, పొయ్యి పొగలోనూ అదే ఉంటుంది. గాలిలో దాని పాలు పదివేలలో నాలుగుకు కొంచెం ఎక్కువ, అంతే. అంత పలచగా ఉన్న దాన్ని ఆకులు రోజుల తరబడి ఏరి పట్టుకుంటే, చేతిలో బరువుగా తగిలే ఈ నల్లటి ముక్క తయారైంది. పక్కనే డబ్బాలో కుమ్మరించి ఉన్న బూడిదను కూడా చూపించాను. బొగ్గు పూర్తిగా కాలిపోతే కర్బనం వచ్చిన గాలిలోకే తిరిగి వెళ్లిపోతుంది. మిగిలే ఆ పిడికెడు బూడిదే నేల ఇచ్చిన లవణాల వాటా. హెల్మాంట్ తొట్టిలో తగ్గిన కొద్దిపాటి మట్టి లెక్క ఇప్పుడు పిల్లలకు తెలిసింది. బాబు బొగ్గును ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది గాలా!" అని రెండుసార్లు అన్నాడు.

ఎండను పొయ్యి అనడంలోనూ చిక్కు ఉంది. పొయ్యి అంటే వేడి. ఆకుకు ప్రధానంగా కావలసింది వెలుతురు. వేడే పని చేసేదైతే రోహిణీ కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో మొక్కలు అన్నిటికంటే ఎక్కువ తిండి తయారుచేసుకోవాలి. కాని ఆ మధ్యాహ్నాల్లో, నీరు ఆవిరైపోకుండా కాపాడుకోవడానికి ఆకులు తమ పత్రరంధ్రాలను మూసుకుంటాయి, అవి మూసుకుంటే కార్బన్ డై ఆక్సైడ్ లోపలికి రాదు, పని మందగిస్తుంది. చాలా ఆకులకు అడుగువైపు ఎక్కువగా ఉండే ఆ రంధ్రాలు కంటికి కనిపించవు. ఒక్కొక్క దానికి రెండు పెదవుల్లాంటి కణాలుండి, నీరు నిండితే తెరుచుకుని, తగ్గితే మూసుకుంటాయి. పత్రహరితం వెలుతురులోని ఎరుపునూ నీలాన్నీ ఎక్కువగా పీల్చుకుని ఆకుపచ్చను తక్కువగా పీల్చుకుంటుంది. ఆ మిగిలిన రంగే మన కంటికి చేరుతుంది కాబట్టి ఆకు పచ్చగా కనబడుతుంది.

ఇంతవరకూ వచ్చాకే పేరు చెప్పాను. కిరణజన్య సంయోగక్రియ అనే మాటను బడిలో పిల్లలు మంత్రంలా వల్లెవేస్తారు, కాని విడదీసి చూస్తే అందులో పాఠమంతా ఉంది. కిరణాల వల్ల పుట్టేది కిరణజన్యం, కలవడం సంయోగం, జరిగే పని క్రియ. ఇంత చక్కని పేరు చేతిలో ఉంచుకుని దాన్ని స్పెల్లింగ్ పరీక్షలా మార్చడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆకులో నిజంగా తిండి ఉందని చూపించే ప్రయోగం మొదటిసారి చెడిపోయింది, తొందరపాటు నాదే. ఉదయం మందారం ఆకుకు నల్లకాగితం చుట్టి సాయంత్రమే కోసేశాను. అంతకుముందు రోజుల్లో దాచుకున్న పిండిపదార్థం ఆకులో అలాగే ఉండటంతో, దాన్ని నల్లబరిచే అయోడిన్ మందు వేయగానే ఆకంతా నల్లబడింది, పిల్లలకు ఏ తేడా కనిపించలేదు. రెండోసారి కుండీని మూడు రోజులు సామాన్ల గదిలో చీకట్లో ఉంచాను. నాలుగో రోజు, పాప నల్లకాగితంలో 'ఆ' అనే అక్షరాన్ని కత్తిరించి, ఆ ఖాళీలోంచి మాత్రమే వెలుతురు పడేలా ఆకుకు రెండువైపులా కాగితాలు క్లిప్పులతో బిగించింది. ఆరు గంటలు మంచి ఎండలో పెట్టి కోశాం. ముందుగా ఆకును మరిగే నీటిలో ఒక నిమిషం ముంచి తీశాను. తరువాత పొయ్యి పూర్తిగా ఆర్పి, కిటికీలు తెరిచి, స్టీలు గ్లాసులో మందులషాపు స్పిరిట్ పోసి అందులో ఆకు వేసి, ఆ గ్లాసును సలసల కాగిన నీళ్ల గిన్నెలో నిలబెట్టాను. స్పిరిట్ సుమారు 78 డిగ్రీలకే మరుగుతుంది, మంట తగిలితే అంటుకుంటుంది, కాబట్టి ఈ పని పెద్దవాళ్లే చేయాలి, పిల్లలు దూరం నుంచే చూడాలి. పచ్చదనమంతా స్పిరిట్‌లోకి దిగి, ఆకు పాలిపోయిన కాగితంలా బయటకు వచ్చింది.

దాని మీద టింక్చర్ అయోడిన్ వేసే ముందు, అన్నం వార్చిన గంజిలో ఒక చుక్క వేసి చూపించాను. గోధుమరంగు మందు గంజిని తాకగానే నీలినలుపుగా మారింది. పిండిపదార్థం ఉన్నచోట ఇలా మారుతుంది, అదే వాళ్లకు గుర్తు అన్నమాట. అప్పుడు ఆకును వేడినీళ్లలో కడిగి, తెల్ల పళ్లెంలో పరిచి, చుక్కలు వేశాను. కాసేపు ఏమీ లేదు. ఆ తరువాత, ఎవరో లోపలి నుంచి రాస్తున్నట్లు, పాలిపోయిన ఆకు మధ్యలో నల్లగా 'ఆ' తేలింది. అంచులు కొంచెం చెదిరాయి గాని అక్షరం స్పష్టంగా ఉంది. వెలుతురు పడిన మేరకే గంజి పుట్టింది. పాప చాలాసేపు పళ్లెం వదలలేదు.

ఆక్సిజన్ గురించి క్లుప్తంగానే చెప్పాను. గాజుగంట కింద కొవ్వొత్తి ఆరిపోయిన గాలిని పుదీనా రెమ్మ మళ్లీ బాగుచేస్తుందని ఇంగ్లండు శాస్త్రవేత్త ప్రీస్ట్లీ 1771లో గమనించాడు. అందుకు వెలుతురూ మొక్క పచ్చని భాగాలూ కావాలని డచ్ శాస్త్రవేత్త ఇంగెన్‌హౌజ్ 1779లో చూపించాడు. అలా వెలువడే ఆక్సిజన్ వచ్చేది మొక్క తాగిన నీటి నుంచి. మనం ఆక్సిజన్ పీల్చి కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాం, మొక్కలు దానికి ఉల్టా చేస్తాయి అని చెప్పి ఊరుకోవడం మాత్రం సరికాదు. మొక్కలు కూడా పగలూ రాత్రీ మనలాగే శ్వాసిస్తాయి, తాము తయారుచేసుకున్న తిండిని అలాగే ఖర్చుపెట్టుకుంటాయి. పగటివేళ తయారీ ఆ ఖర్చును మించిపోతుంది కాబట్టే మొక్క పెరుగుతుంది, మనకూ మిగులుతుంది.

కార్తీక మాసంలో అందరం తెనాలి వైపు ఉన్న మా ఊరికి వెళ్లాం. వరి పాలు పోసుకునే దశలో ఉంది. తాతయ్య ఒక కంకి వంచి, ఆకుపచ్చని గింజను గోటితో నొక్కితే చిక్కటి తెల్లని పాలు బొట్టుగా బయటకు వచ్చాయి. కంకిని ఆనుకుని ఉన్న పై ఆకూ దాని కింది ఆకులూ పగలంతా తయారుచేసిన చక్కెర ఈనెల గుండా, కాడ గుండా గింజలోకి చేరి ఇలా పిండిగా మారుతుందని పిల్లలకు చెప్పాను. బాబు జేబులోంచి టింక్చర్ సీసా తీశాడు. వాడు దాన్ని వెంట తెచ్చుకున్న సంగతి మాకెవరికీ తెలియదు. తాతయ్య గోటి మీది పాలబొట్టుపై ఒక చుక్క వేశాడు. నల్లబడింది.

"అత్తయ్యా, ఇప్పుడు బియ్యం ఎవరు తెచ్చారో తెలిసింది," అని, వాడు ఆ పై ఆకును వేళ్లతో పట్టుకుని తాతయ్యకు చూపించాడు.